ట్రాక్టర్లో చోటు దొరకని కట్టెలు

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ. ఇన్నేళ్లయినా ఆ ట్రాక్టరు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

తెలంగాణ రాకముందు మాట. సమ్మక్క జాతరకు గోదావరిఖని నుంచి మా ఇంటిల్లిపాదీ ట్రాక్టరు మాట్లాడుకుని బయల్దేరాం. మంథని దాటి చాలాదూరం పోయాక అంతా అడవే. అక్కడ చెట్ల కింద ఐదు రోజుల మకాం. ఏం కావాలన్నా ఇంటి నుంచే మోసుకెళ్లాలి.

ఏది కావాలో, ఏది అక్కర్లేదో తేల్చేది మా బావ, అంటే మా ఆయనకు అన్న. బొగ్గుబాయిలో సర్దారు. కింద మనుషులకు పని పురమాయించీ పురమాయించీ ఇంట్లో కూడా ఆయన మాటకు తిరుగులేదు. "బాయిలకు దిగేటోడు ఏం పట్టుకపోతడు? లైటు, నీళ్ల సీసా, టిఫిను. అడవికైనా గదే లెక్క" అన్నాడు. ఆ లెక్కన టార్పాలిన్ ఎక్కింది, గొడ్డలి ఎక్కింది, బియ్యం, గిన్నెలు, కోళ్ల గంప, అమ్మవార్లకు మొక్కిన బెల్లం ఎక్కాయి. అంతవరకు నేనేమీ అనను. నేను నాలుగు వెదురు కట్టెలు, రెండు పాత చీరలు ఒక మూలకు పెట్టాను. ఆడవాళ్లకు చాటు కట్టుకోవడానికి. మా అత్తకు షుగరు. మాటిమాటికీ లేవాలి. మోకాళ్ల నొప్పులతో దూరం నడవలేదు.

బావ ఆ కట్టెలు దించి గోడకు ఆనించాడు. ఆ చోట్లో బీరు కాటన్లు పెట్టించాడు. నా చీరలు మాత్రం పారెయ్యలేదు, సీసాలు పగలకుండా సందుల్లో కుక్కాడు.

"ఆ కట్టెలు ఉండనియ్యిరా కొడుకా" అంది అత్త, ట్రాక్టరు పక్కన నిలబడి.

"అడవికి పోతూ కట్టెలు మోసుకపోతరానె అవ్వా" అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. చాటు సంగతి నేనెత్తితే, తానూ బాయికి పోయే మా ఆయన జవాబింకా బాగుంది: "బాయిల మాకేమన్న రూములున్నయా? షిఫ్టంత ఎల్లదీస్తలేమా? చీకట్ల ఓ పక్కకు పోతే అయిపాయె." బాయిలో పొద్దస్తమానం చీకటే కదా. బయట పగలనేది ఒకటుంటుందని, ఆ పగటిపూట చుట్టూ జనం ఉంటారని ఆ అన్నదమ్ములకు తట్టనే లేదు.

తీరా వెళ్లి చూస్తే ఇసుక వేస్తే రాలనంత జనం. చేతికందే కొమ్మలన్నీ ముందొచ్చినవాళ్లు నరికి పొయ్యిల్లో పెట్టేసుకున్నారు, చాటుకు పాతడానికి ఒక్క కట్టె మిగల్లేదు. అత్త నీళ్లు మానేసింది. "దూప అయితలేదు బిడ్డా" అనేది. పెదవులు ఎండి పగిలాయి. పొద్దుగూకాక నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే, వచ్చి రెండు గుక్కలు తాగేది. పగలంతా బావవాళ్లు టార్పాలిన్ నీడలో పేకాట.

మూడోనాటి మధ్యాహ్నం అత్త పొయ్యి దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. బావ పరుగెత్తుకొచ్చాడు. "ఎండదెబ్బ" అని తేల్చాడు, అదేదో సూర్యుడి తప్పయినట్టు. నేను నీళ్లు పట్టబోతే అత్త పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది.

"పొద్దుగూకనియ్యి బిడ్డా" అంది.

నాకు కోపం నషాళానికెక్కింది. పోయి టార్పాలిన్ తాళ్లు విప్పాను. పేకముక్కల మీద ఎండ పడింది.

"ఏంది పిల్లా, ఎండల కూసోమంటవా?" అన్నాడు బావ.

"కూసోండ్రి బావా. మీ బాయిల పొద్దు లేకపోవచ్చు, ఈడ ఉన్నది."

బావ భార్య వచ్చి టార్పాలిన్ రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి దాన్ని ట్రాక్టరు డబ్బాకూ వెనకున్న చెట్లకూ చుట్టూ కట్టాం. అత్తను మెల్లగా లేపి లోపలికి తీసుకెళ్లాం. పక్క మకాం ఆడవాళ్లు ఎవరినీ ఏమీ అడగకుండానే వచ్చి చాటు బయట వరుసలో నిలబడ్డారు.

బయటికొచ్చాక అత్త చెంబు అందుకుంది. ఎత్తిన చెంబు దించకుండా తాగింది. ఇంకోటి పొయ్యమంది. అదీ తాగింది. కన్నతల్లి రెండు రోజులుగా పగటిపూట నీళ్లు ముట్టలేదని అప్పుడు తెలిసింది ఆ పెద్దమనిషికి.

"గింత దూప పెట్టుకొని అడుగవైతివి గదనే అవ్వా" అన్నాడు.

అత్త కొంగుతో మూతి తుడుచుకుంది.

"అడిగిన గదరా కొడుకా. ఆ కట్టెలు ఉండనియ్యమని."