కంపెనీ చొక్కాకు చీర అంచు

తుమకూరులో చదువుకునే మా మనవరాలు మొన్న ఆదివారం ఒక చొక్కా తొడుక్కుని ఇంటికి వచ్చింది. మగవాళ్ల చొక్కా, అదీ పాతది, చేతుల చివర ఎవరిదో చీర అంచు తెచ్చి అతికించారు. పాతబట్టను ఇలా మార్చి తొడుక్కోవడమే ఇప్పటి ఫ్యాషనట. ఫోన్లో చూసి, వాళ్లు చెప్పిన ధరకే, ఒక్క మాట అడగకుండా కొన్నదట! పావగడ బజారులో బట్టలంగడి గల్లాపెట్టె పక్కన పెరిగిన దాన్ని, బేరమాడకుండా ఉప్పు కూడా కొనని దాన్ని, నాకు అన్నం సహించలేదు. "ఫోనుతో బేరమాడేకి యాడ అయితాదవ్వా?" అని నవ్వింది. ధర సంగతి అలా ఉంచండి, ఆ కుట్టుపని నేను మా అత్తగారి ఊరు తిరుమణిలో ఎప్పుడో చేశాను, చేసి పడిన అవస్థ ఆ పిల్లకేం తెలుసు?

ఎండతో కరెంటు తీసే సోలార్ కంపెనీ మా ఊరికి వచ్చిన తొలి ఏళ్ల మాట. అద్దాల పలకలు నిలబెట్టడానికి మా చేలు కూడా లీజుకు పోయాయి. అంతకుముందు వేరుశనగలో కలుపు తీసిన ఆడవాళ్లే ఆ పలకలు తుడవడానికి, వాటి కింద గడ్డి కోయడానికి కూలికి పోసాగారు. ఎండ తగలకుండా చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని పనికి పోవడం మన వైపు ఉన్నదే కదా, మగవాడు తొడుక్కోలేనంత పాతబడ్డాక గానీ చొక్కా ఆడదాని దాకా రాదు. కంపెనీ వాళ్లు అవి కుదరవని నీలం చొక్కాలు ఇచ్చారు, వీపు మీద అరచేయంత అక్షరాలతో కంపెనీ పేరు. వాటిని కుట్టించిన మహానుభావుడు ఆడమనిషిని ఎన్నడూ చూడలేదో ఏమో, అన్నీ మగవాళ్ల కొలతలే.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, పిడికెడు మనిషి. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉండేది, ఆ పని కోసం ఎన్ని గడపలు తొక్కిందో నాకు తెలుసు. ఆ చొక్కాలో ఆమె ఎక్కడుందో వెతుక్కోవాలి. చేతులు మోకాళ్ల దాకా వేలాడి, పలకల అంచులకు తగులుకునేవి. అంగడిలో పుట్టినదాన్ని, బట్ట ఊరికే వేలాడుతుంటే నా ప్రాణం వేలాడినట్టు ఉంటుంది. మిషను ముందు కూర్చున్నాను. చేతులు కోసి, చంకలు బిగించి, మా అత్త పాత చీర అంచు తీసి చివర్లకు కుట్టాను. వీపు మరీ వెడల్పు కాబట్టి, పేరున్న ముక్కను మొత్తంగా కోసి తీసి, రెండు పక్కలనూ కలిపేశాను. ఆ ముక్కను పారేయడానికి చేతులు రాక, దాంతో అన్నం గిన్నెకు సంచి కుట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అది చూసి మిగతా ఆడవాళ్లంతా చొక్కాలు తెచ్చి నా ఒళ్లో పడేశారు. ఊరికే చేస్తే నేను మా నాన్న బిడ్డనెలా అవుతాను? అందరివీ అలాగే కోసి, పేరు ముక్కలతో సంచులు కుట్టి, గీచి గీచి బేరమాడి అందరి దగ్గరా చింతపండు రాబట్టాను. ఆ ఏడంతా పులుసు తప్ప వేరేది తినలేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు.

మార్చి కుట్టిన చొక్కాలతో అందరూ గేటు దగ్గరికి పోయేసరికి సూపర్‌వైజరు ఆపేశాడు. అనంతపురం వైపు అబ్బాయి. పేరు లేని వీపు లోపలికి రాకూడదట. మా ఆడబిడ్డ సంచి ఎత్తి, పేరు ఇక్కడుందని చూపిందట.

"అట్లయితే సంచిని పనికి పంపీక్కా, నువ్వు ఇంటికి పో" అన్నాడట. మర్నాడు కూడా ఇలాగే వస్తే వేరేవాళ్లను పెట్టుకుంటానని కూడా చెప్పాడట.

అందరూ పోలోమని మా ఇంటి మీదికి వచ్చారు. పేరున్న ముక్కను మళ్లీ అతకాలంటే కుట్లు విప్పి చొక్కాను మునుపటిలా వదులు చేయాలి. తలలు బాదుకుంటూ అందరూ సరేనన్నారు, మా ఆడబిడ్డ తప్ప.

"నేను ఇప్పనీను వదినా. పెండ్లయినప్పట్నించీ అత్త రవికెలు, మొగుని చొక్కాలే ఏసుకున్న్యా. నా ఒంటికని కుట్టింది ఇదొక్కటే."

"పని పోతే ఆ అంచు నమిలి తింటావామ్మే?"

"నువ్వు బేరమాడి తెచ్చిన చింతపండు ఉండాది గదా, అది తింటాలే."

ఇక ఆమెతో వాదించి లాభం లేదు. మర్నాడు పొద్దున నేనే గేటు దగ్గరికి పోయాను. పేరు లేకుండానే పంపమని మొదలుపెట్టాను, తల అడ్డంగా ఊపాడు. పైవాళ్లు చూస్తే తన పని పోతుందన్నాడు, అదీ నిజమే. కుట్టనక్కర్లేదు, సంచి విప్పి ఆ పేరు ముక్కను వీపుకు పిన్నీసుతో పెడతామన్నాను. రోజంతా కాదు, గేటు దాటేటప్పుడు, పైవాళ్ల జీపు వచ్చినప్పుడు మాత్రమే అన్నాను. వెనక్కి నాలుగడుగులు వేసి, ఇక పోతున్నట్టు తిరిగాను కూడా.

"నువ్వు సంతలో ఉండాల్సిన మనిషివమ్మా" అని నెత్తి కొట్టుకున్నాడు.

"ఆడ్నే పుట్టినానప్పా" అన్నాను.

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే గేటు ముందు అదొక తంతు. గాజులకు తగిలించుకున్న పిన్నీసులు తీసి, పళ్ల మధ్య పట్టుకుని, వరసగా నిలబడి ఒకరి వీపుకు ఒకరు కంపెనీ పేరు తగిలించుకునేవాళ్లు. గేటు దాటగానే పీకేసేవాళ్లు. దూరాన దుమ్ము లేస్తే, "జీపొస్తాందక్కా, నా వీపు చూడు!" అని ఒకటే పరుగులు. ఆ అల్లరికి సూపర్‌వైజరు ముఖం అటు తిప్పుకునేవాడు. మా ఆడబిడ్డ ఆ చొక్కా బట్ట చివికిపోయేదాకా దాన్నే పనికి తొడుక్కుంది.

ఇప్పుడు పలకలను తుడవడానికి యంత్రాలు వచ్చాయి, పనికి పోయే ఆడవాళ్లు తగ్గారు. పోయేవాళ్లకు ఆడవాళ్ల కొలతలతోనే కోట్లు ఇస్తున్నారు, ముందు జిప్పు. ఎవరిది వాళ్లే లాక్కుంటే చాలు. మంచిదే, నేనేమీ అనను. ఈమధ్య నేను గేటు దగ్గర బస్సు దిగితే ఒకామె కోటు కాలరు మడత పడి వెనక్కి లేచి ఉంది. నలుగురు ఆమె వెనకే ఫోన్లు చూసుకుంటూ నడుస్తున్నారు, ఒక్కరూ చెయ్యి చాపలేదు. నాకు చెయ్యి ఊరుకోక దగ్గరికి పోయేసరికి ఆమె గేటు దాటేసింది.