తెల్ల దుప్పటి కడితే దిగొచ్చు

మా ఇంటికి మొదటిసారి వచ్చేవాళ్ళకి ఫోన్‌లో దారి చెప్పడం నా పని. ఫ్రీవే దిగాక ఎడమకు తిరగండి, గడ్డి చేలు దాటండి, స్తంభం మీద గళ్ళ లుంగీ ఎగురుతూ కనిపిస్తే అదే మా ఇల్లు అనేదాన్ని. అవతలివాళ్ళు నవ్వేవారు. వచ్చి చూశాక మళ్ళీ నవ్వేవారు. అది నిజంగానే లుంగీ. మా ఆయన పాత లుంగీని గొట్టంలా కుట్టి, ఒక మూతికి ఇనప కడియం తొడిగి స్తంభానికి కట్టాను. గాలి ఎటునుంచి వీస్తోందో విమానంలో ఉన్న మనిషికి తెలియాలి కదా. పక్క పొలం ముసలాయన ఒకరోజు కంచె దగ్గర ఆగి, అది ఏ దేశపు జెండా అని చాలా మర్యాదగా అడిగాడు.

డెబ్భైల చివర్లో మా ఆయనకు శాంటా క్లారాలో ఉద్యోగం. మాకు తెలిసిన తెలుగు ఇంజనీర్లందరూ పక్కనే ఉన్న సన్నీవేల్ అపార్ట్‌మెంట్లలో అద్దెకుంటూ, ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు చూసుకుంటుంటే, ఈయన కొండల అవతల, రెండు గంటల దూరంలో, పదెకరాల గడ్డినేల కొన్నారు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. నెల తిరక్కుండా ట్రాక్టర్ అద్దెకు తెచ్చి వంటింటి వెనకాల నేల చదును చేయించడం మొదలుపెట్టారు. కూరగాయల మడి కోసం కాబోలు అనుకుని నేను బెండ గింజలు నానబెట్టాను. అది రన్‌వే అట! విమానం ఇంకా కొననే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ మరుసటి ఏడాది విమానం వచ్చింది. ఎవరో వాడి అమ్మేసినది. ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, నెత్తిన రెక్కలు, ముందు రెండు లావుపాటి చక్రాలు, తోక కింద ఒక బుల్లి చక్రం. ఒళ్ళంతా గుడ్డే, గుడ్డ మీద రంగు. వేలితో కొడితే డప్పులా మోగేది. పెద్ద విమానాలకి మైళ్ళ కొద్దీ దారి కావాలి, దీనికి మా ఎనిమిది వందల అడుగులూ ఎక్కువే. ఎదురుగాలి ఉంటే నేను పది అంకెలు లెక్కపెట్టేలోగా నేల వదిలేసేది. పొద్దున్నే ఎగిరి, కొండలు దాటి, అరగంటలో అక్కడి చిన్న విమానాశ్రయంలో దిగేవారు. అక్కడ ఉంచుకున్న డొక్కు కారులో ఆఫీసుకు వెళ్ళేవారు. సాయంత్రం ఐదున్నరకల్లా మళ్ళీ మా పెరట్లో దిగేవారు.

మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. ప్రార్థన చేసుకోందే గడప దాటం. రోజూ తలుపు దగ్గర నిలబడి "ప్రార్థన చేసుకున్నారా, పెట్రోలు చూసుకున్నారా?" అని ఒకే ఊపిరిలో అడిగేదాన్ని. "రెండూ ఫుల్" అనేవారు. మనిషికి భయమన్నది లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నాకు నేను చెప్పుకునేదాన్ని గాని, ఆ శబ్దం కొండల వైపు సన్నబడిపోయేదాకా గుమ్మం వదిలేదాన్ని కాదు.

ఆదివారాలు సన్నీవేల్ నుంచి కుటుంబాలు వచ్చేవి. చర్చి అవగానే కార్లు వేసుకుని, పులిహోర గిన్నెలు పట్టుకుని దిగేవాళ్ళు. ఇక్కడ పుట్టిన పిల్లలు మాత్రం తిండి వంక చూసేవాళ్ళు కాదు. "అంకుల్, వన్ రైడ్ ఇవ్వండి ప్లీజ్, మమ్మీకి చెప్పద్దు" అని ఆయన చొక్కా పట్టుకుని వేలాడేవాళ్ళు. ఆ మమ్మీ పక్కనే నిలబడి వింటూ ఉండేది. అందరూ ఎక్కారు, నేను తప్ప. "మీరు ఎందుకు ఎక్కరండీ?" అని అడిగితే "ఇద్దరం పైనుంటే కింద చూసేదెవరు?" అనేదాన్ని. అందులో సగం భయం, సగం నిజం.

ఎందుకంటే గడ్డి నేల రోజూ ఒక్కలా ఉండదు. నిన్న లేని చోట ఇవాళ నేల ఉడుత బొరియ తవ్వుతుంది. పక్క పొలం ఆవులు కంచె తోసుకుని వచ్చి సరిగ్గా మధ్యలో పడుకుంటాయి. వాన పడితే పైకి పచ్చగా, లోపల బురదగా ఉంటుంది. ఇవేవీ పైనుంచి కనపడవు. అందుకని రోజూ నాలుగున్నరకి ఆయన పాత బూట్లు తొడుక్కుని, పార భుజాన వేసుకుని, ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచేదాన్ని. బొరియలు పూడ్చేదాన్ని. అక్కడక్కడా మడమతో నొక్కి చూసేదాన్ని. మా నాన్న అరక కట్టే ముందు అలాగే చూసేవాడు. మడమ దిగబడితే ఆ పూట పని లేదు. ఇంజనీరింగ్ ఆయన చదివారు గాని నేల సంగతి నాకే తెలుసు.

విమానంలో రేడియో ఉంది, ఇంట్లో లేదు. కాబట్టి మా కబుర్లన్నీ బట్టల తీగ మీదే. నేల బాగుంటే రన్‌వే పక్కనున్న తీగ మీద తెల్ల దుప్పటి కట్టేదాన్ని, బాగాలేకపోతే నా ఎర్ర చీర; అది చూస్తే కౌంటీ, అంటే మా జిల్లా, విమానాశ్రయానికి పోయి దిగాలి. ఏమీ లేకపోతే ఇంకా చూడలేదని, ఆగమని. విమానం కొనడానికి ఒప్పుకున్న రోజు నేను పెట్టిన షరతు ఇదొక్కటే. నేను వద్దంటే దిగకూడదు.

సరేనన్నారు. సరేననడానికేం, ఏదడిగినా సరేనంటారు. రెండో ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం ఎర్ర చీర కట్టి, గుమ్మంలోంచి చూస్తున్నాను. అది రెపరెపలాడుతుంటే చూసి కూడా దర్జాగా దిగారు. చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి, తోక గాల్లోకి లేచి, ఒక్క క్షణం అలా ఆగి, మళ్ళీ కింద పడింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి బురదలో నిలబడి నవ్వుతున్నారు. "పైనుంచి డ్రైగానే కనిపించింది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నవ్వు మొహాన్ని చంపేద్దామా అనుకున్నాను, అదే క్షణంలో ఆ మొహం బతికుందని ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గ్యారేజీలోంచి వచ్చి, "ఇంకెప్పుడూ నీ మాట దాటను" అన్నారు. నేను నమ్మలేదు. నమ్మలేదంటే, నమ్మాలనే ఉంది. కాని అడక్కుండా పొలం కొన్నవాడు, అడక్కుండా రన్‌వే వేయించినవాడు, ఎర్రగుడ్డ చూసి కూడా దిగినవాడు రేపు దిగడని గ్యారంటీ ఏమిటి? ఆ తర్వాత ఐదేళ్ళూ తెల్లది కడితే తీగ పక్కనే నిలబడేదాన్ని, ఎర్రది కడితే చూడలేక ఇంట్లోకి పోయేదాన్ని; రోజూ సాయంత్రం ఐదున్నరకి ఇదే ప్రశ్న. సన్నీవేల్ ఆడవాళ్ళ దగ్గర కూచున్నప్పుడల్లా "ఈ మనిషి నా మాట వినడు" అని చెప్పుకునేదాన్ని. వాళ్ళు వాళ్ళ మొగుళ్ళ సంగతి చెప్పేవాళ్ళు.

ఎనభైల మధ్యలో ఒక వసంతకాలం ఆయన పెద్దమ్మగారు, నాకు పెద్దత్తయ్యగారు, విజిటర్ వీసా మీద మా ఇంటికి వచ్చారు. మిషన్ స్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. తెల్ల చీర తప్ప కట్టరు. డ్రైయర్ చూపిస్తే అందులోకి తల పెట్టి చూసి, "ఎండుండగా ఇదేంటమ్మాయ్? బట్ట ఎండాలా, ఉడకాలా?" అన్నారు. తన చీర తనే ఉతుక్కుని స్నానాల గదిలో ఆరేసుకునేవారు.

ఆ రోజు నాలుగున్నరకి మామూలుగా నడవడానికి వెళ్ళాను. ఈ చివర నేల గట్టిగా ఉంది. ఆ చివర మూడో వంతు దగ్గరికి వెళ్ళేసరికి మడమ కింద చప్పుడు మారింది. ఇంకో అడుగు వేస్తే బూటు జానెడు దిగింది. పక్క పొలానికి నీళ్ళు పెట్టిన కాలువకి ఎక్కడో గండి పడి, గడ్డి కింద నుంచే నీళ్ళు పాకాయి. పైకి చూస్తే పచ్చగా నవనవలాడుతోంది. వెళ్ళి ఎర్ర చీర కట్టాలి అనుకుంటూ వెనక్కి తిరిగాను.

తీగ మీద తెల్లగా ఏదో ఎగురుతోంది.

నేను దుప్పటి కట్టలేదు. రెండు క్షణాలు అర్థం కాలేదు. తర్వాత తీగ పక్కన పెద్దత్తయ్యగారు కనిపించారు. స్నానాల గదిలో చీర ఆరడం లేదని, మంచి ఎండా గాలీ ఉన్న చోటు వెతుక్కుని, ఆరు గజాలూ చక్కగా పరిచి ఆరేశారు. ఆ తీగ సంగతి ఆమెకు చెప్పాలని నాకు తట్టనే లేదు. ఇంట్లో మాకది చెప్పుకోవలసిన విషయంగా ఎప్పుడూ అనిపించలేదు. సరిగ్గా అప్పుడే ఇంజను మోత వినిపించింది. అరగంట ముందే వచ్చేశారు.

"అత్తయ్యగారూ, చీర తీసేయండి!" అని అరిచాను. ఆమెకు వినపడలేదు. ఆకాశంలో కొడుకు కనిపించేసరికి సంబరపడిపోయి రెండు చేతులూ ఎత్తి రమ్మని ఊపుతున్నారు. విమానం వాల్‌నట్ తోట మీద తిరిగి, రెక్కల వెనక రేకులు దించుకుని, తిన్నగా రన్‌వే మీదికి వస్తోంది. తీగ దగ్గరికి పరుగెత్తే వ్యవధి లేదు. రన్‌వే మధ్యకి పరుగెత్తాను. ఒక బూటు బురదలో ఉండిపోయింది. పార అవతల పారేసి, చేతులు బార చాపి, అక్కడే నిలబడ్డాను. నన్ను గుద్దుకుంటుందేమోనన్న ఆలోచన రాలేదు. దిగుతాడు, వినడు, దిగుతాడు, ఈసారి తోక వెనక్కి పడదు, బోర్లా తిరుగుతుంది. అదొక్కటే తిరుగుతోంది బుర్రలో. ప్రభువా అని కూడా అనలేకపోయాను.

విమానం ఇంటి దాకా వచ్చింది, తీగ దాటింది. ఒక్కసారిగా ఇంజను గర్జించి, నా నెత్తి మీంచి పైకి లేచిపోయింది. ఆ గాలికి నా జుట్టు ముడి ఊడిపోయింది. ఒక చుట్టు తిరిగి, రెక్కలు రెండుసార్లు ఊపి, కౌంటీ విమానాశ్రయం వైపు వెళ్ళిపోయింది. నేను బురదలో ఉండిపోయిన బూటు లాగి చూశాను, రాలేదు. పెద్దత్తయ్యగారు దగ్గరికి వచ్చి, "అదేంటమ్మాయ్, అబ్బాయి దిగకుండా వెళ్ళిపోయాడు, నామీద కోపమా?" అన్నారు.

ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. అలాగే నలభై మైళ్ళు కారు నడిపాను. ఆయన విమానాశ్రయం బయట బెంచీ మీద కూర్చుని వేరుశనగలు తింటున్నారు. నా కాళ్ళు చూసి, పొట్లం పట్టుకుని కారెక్కారు. కొంతదూరం పోయాక నేనే మొదలుపెట్టాను.

"ఇవాళ నేను అడ్డం రాకపోతే దిగేసేవారే కదూ? తెల్లది చూశారుగా."

"చూశాను. అది దుప్పటి కాదు, చీర అని కూడా తెలిసింది. పెద్దమ్మనీ చూశాను."

"మరి?"

"నువ్వు కనపడలా. ఎక్కడున్నావో వెతుక్కుందామని కిందికి వచ్చాను. దిగడానికి కాదు."

నాకు అర్థం కాలేదు. "నేను కనపడకపోతే ఏం, గుడ్డ ఉందిగా" అన్నాను.

"గుడ్డను నమ్మి ఎవడు దిగుతాడే? ఆ రోజు బురదలో పడ్డప్పట్నుంచీ గుడ్డ చూడ్డం మానేశాను. తీగ పక్కన నువ్వు నిలబడి ఉంటేనే ఇంజన్ తగ్గిస్తాను. లేకపోతే కౌంటీకి పోతాను."

ఆ మాట లోపలికి దిగడానికి నాకు ఒకటి రెండు మైళ్ళు పట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. ఒక చలికాలం నాకు ఫ్లూ వచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. పక్క పొలం ముసలాయన నేల చూసి, బాగుందని, నా తెల్ల దుప్పటి తనే కట్టి వెళ్ళేవాడు. ఆ మూడు రోజులూ ఈయన గాలి బాగాలేదంటూ కౌంటీలో దిగి, ఎవరి ట్రక్కులోనో చీకటి పడ్డాక ఇల్లు చేరారు. జ్వరంలో కిటికీలోంచి చూస్తే లుంగీ కదలకుండా వేలాడుతోంది. గాలే లేదు, ఈ మనిషి అబద్ధాలాడుతున్నాడు, ఆఫీసులో ఏదో దాస్తున్నాడు అనుకుని ఆ జ్వరంలోనే పోట్లాడాను. ఆయన జావ కాచి ఇచ్చారు గాని, ఈ సంగతి చెప్పలేదు.

"ఆ మూడు రోజులూ..." అన్నాను. ఏడుపు వచ్చింది. స్టీరింగ్ పట్టుకునే ఏడ్చాను.

"ముందే చెప్పి ఉండొచ్చుగా!" అని కసిరాను.

ఆయన వేరుశనగ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చెప్తే ఒక్క సాయంత్రం కూడా నువ్వు ఇల్లు కదలవు" అన్నారు.