మామ తిన్న సున్నుండలు

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక ఆట చూపించి, ఇద్దరు వంతులవారీగా గోళీలు పేర్చి గోపురం కట్టాలి తాతా, కొత్తగా వచ్చింది అని నాకే పాఠం చెప్పబోతే ఒళ్లు మండింది. కొత్తదట! ఆ పిల్ల పుట్టడానికి ఎంతో ముందే, సముద్రం ఒడ్డున మా చెరుకుతోటల ఊరు ఉమ్‌కోమాస్‌లో మా మామగారు ఇదే ఆటలో నన్ను ఏళ్ల తరబడి చిత్తు చేశాడని ఈ పిల్లలకు ఎవరు చెప్పాలి?

ఆట పెట్టెలో వచ్చిన చెక్కబంతులను పిల్లలు చెరుకుతోటల్లో పారేస్తే, మా అత్తగారు నెయ్యి తగ్గించి గట్టిగా చుట్టిన ఉండలే మాకు బంతులయ్యాయి. ముదురు రంగు సున్నుండలు మామవి, తెల్లని రవ్వలడ్లు నావి. గుంటల పలక మీద నాలుగు ఉండలు చదరంగా కుదిరితే వాటి నడుమ పైన ఇంకొకటి ఎక్కుతుంది, ఆ నాలుగూ మనవే అయితే ఒకటో రెండో వెనక్కి తీసుకోవచ్చు, శిఖరాన ఆఖరిది పెట్టినవాడిదే గెలుపు. అంటే చేతిలో ఉండలు మిగుల్చుకోవడమే ఆటంతా. అందులో మామను మించిన పిసినారి ఆ తీరంలోనే లేడు; షుగర్ జబ్బుతో తీపికి మొహం వాచి ఉండి కూడా ఒక్కటీ నోట వేసుకునేవాడు కాదు.

తెల్లదొరల పాలన పోయి అందరికీ ఓటు వచ్చిన ఆ ఏడు ఊరంతా ఉరకలేస్తుంటే ఆయన మాత్రం ఇల్లు కదలనని భీష్మించాడు.

“హైకోనా, రాను గాక రాను! ఇన్నేళ్లు నన్ను అడిగినోడే లేడు. ఇప్పుడు పిలిస్తే పరిగెత్తాలా?”

బడి ముఖం సరిగా చూడక, దొరికిన కాగితమల్లా చదువుకుని పెరిగిన నాకు రక్తం ఉడికిపోయింది. మా నాన్న ఆ రోజు చూడకుండానే పోయాడు, చూడగలిగిన ఈయనకేమో అలక! వాదించాను, అరిచాను, చివరికి పందెం కాశాను: నేను గెలిస్తే ఆయన నాతో వచ్చి ఓటు వేయాలి.

“ఓడిపోతే ఏడవమాక అల్లుడూ,” అంటూ కూర్చున్నాడు.

గోపురం సగానికి వచ్చేసరికి ఆయన చదరం కట్టి రెండు ఉండలు వెనక్కి తీసుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన వాటివంక చూశాడు, నావంక చూశాడు, ఒకటి నోట్లో వేసుకున్నాడు, అది దిగీ దిగకముందే రెండోది.

“ఓయమ్మో, ఆట వుండలు మింగేస్తన్నాడు సూడే మీ నాయన! షుగర్ మనిషి!” అని అత్తగారు మా ఆవిడకు చెప్పి గగ్గోలు పెట్టింది.

“ఆకలేసిందే,” అన్నాడు మామ, నోటినిండా సున్నుండతో.

శిఖరం దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి ఖాళీ. ఆఖరి తెల్ల ఉండ నేనే పెట్టాను. ఓటు రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాకంటే ముందే గేటు దగ్గర నిలబడి, ఆలస్యం చేశానని నన్నే తిట్టాడు.

ఫోనులో గోళీలు తళతళలాడతాయి, ఒక్కటీ తప్పిపోదు, ఎవరూ మింగనూ లేరు. గెలుపు చేతిలో ఉండగా ఆకలని చెప్పి తినేసే మనిషి ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నాడో నాకు తెలియదు. మా ఇంట్లోనైతే లేడు. మొన్న సాయంత్రం ఆ ఫోను ఆటలో మనవరాలిని ఓడించాకనే లేచాను.