ఫ్రీజర్‌లో అత్తగారి వాటా

మా ఇంటికి డీప్ ఫ్రీజర్ వచ్చిన రోజు వీధివాళ్ళు మేం ఐస్‌క్రీమ్ కొట్టు పెడుతున్నామనుకున్నారు. రామచంద్రపురంలో మూసేసిన ఓ కొట్టు నుంచి మా ఆయన తెచ్చిన పాత పెట్టె అది. మూత మీది కోన్ బొమ్మ ఎంత గీకినా పోలేదు. నా ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ పెట్టె మీదే ఆధారపడి ఉంది.

అత్తగారు ద్రాక్షారామం గుడి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అంతవరకూ వంటంతా ఆవిడదే. కట్టు విప్పాక కూడా ఆ చేత్తో గిన్నె ఎత్తలేకపోయారు. నేనేమో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని, పొద్దున్నే బస్సెక్కాలి. మానెయ్యమన్నారు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. వారానికి సరిపడా ఆదివారమే వండి గడ్డకట్టించేస్తానన్నాను.

"అమ్మ తింటే సరే. తినకపోతే మాత్రం మానెయ్యాల్సిందే," అన్నారు.

ఆవిడ నిన్నటి కూర ముట్టని మనిషి. ఆదివారం వండింది గురువారం తింటే చద్ది అవుతుందా, కాదా అని చాలా ఆలోచించారు. ఏడాది నాటి ఆవకాయ తింటున్నాం కదండీ అన్నాను. ఆవకాయ వేరు అన్నారు. ఎందుకు వేరో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఎలాగైతేనేం, తిన్నారు.

అసలు చిక్కు ఓ ఆదివారం వచ్చింది. దోసకాయ పప్పు, కంద బచ్చలి కూర చల్లార్చి, స్టీలు డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెట్టాను. స్టవ్ మీద సాంబారు మరుగుతోంది. అప్పుడు చూసుకున్నాను, నెలసరి వచ్చింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ వంటింట్లోకి రాకూడదు, గిన్నె ముట్టకూడదు. స్కూలుకి మాత్రం వెళ్ళొచ్చు, క్లాసు నిండా పిల్లల్ని ముట్టుకోవచ్చు. ఇది నాకు ఏనాడూ అర్థం కాలేదు. సరే, ఇప్పుడు ఏది ముందు వండినట్టు, ఏది తర్వాత వండినట్టు? పప్పు మంచిదీ కూర కాదా? లేక ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టాను కాబట్టి, ఊరగాయ జాడీ ముట్టుకున్నట్టు పెట్టె మొత్తం పోయినట్టేనా? లెక్కల టీచర్నై ఉండీ ఈ లెక్క తేల్చలేకపోయాను. స్టవ్ కట్టేసి, గుమ్మం బయట నిలబడి అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. హాల్లో పేపరు చదువుతున్న మా ఆయన పేజీ తిప్పడం ఆపేశారు.

ఆవిడ పెట్టె మూత ఎత్తి చూశారు.

"అందులో ఉన్నదేంటమ్మాయ్? మంచు. మంచంటే నీళ్ళేగా. గోదారికి మైలేంటి?" అన్నారు, హాల్లోకి వినపడేలా.

గోదారి మా ఫ్రీజర్‌లోకి ఎలా వచ్చిందో నాకు బోధపడలేదు. అయినా వరమిచ్చిన దేవుణ్ణి వివరాలు అడుగుతామా? హాల్లో పేజీ తిరిగింది.

ఆ రోజుల్లో ఆవిడే ఎడమ చేత్తో డబ్బాలు తీసి, వేడిచేసి మా పిల్లలతో సహా అందరికీ పెట్టారు. తిన్నావా అమ్మా అని మా ఆయన అడిగితే, తిన్నాను, బావుంది అన్నారు.

మంగళవారం స్కూలు మధ్యాహ్నానికే వదిలేశారు. పెరటి దారిన వచ్చాను. అత్తగారు పీట మీద కూర్చుని ఎడమ చేత్తో అటుకులూ మజ్జిగా తింటున్నారు. పక్కనే మా గేదె కుడితి తొట్టిలో నా కంద బచ్చలి కూర తేలుతోంది.

"ఇదేంటండీ? గోదారికి మైల లేదన్నారుగా," అన్నాను.

"లేదు. నీకూ వాడికీ పిల్లలకీ లేదు. నాకే గొంతు దిగట్లేదు." అటుకుల్లో ఇంకాస్త మజ్జిగ పోసుకుని, "వాడికి చెప్పకు. నువ్వు బడికెళ్ళాలి కదా," అన్నారు.

నా చేతి వంట కుడితిలో పోశారని కోపం వచ్చింది. నా ఉద్యోగం కోసం ఈ వయసులో అటుకులతో కడుపు నింపుకుంటున్నారని ఏడుపూ వచ్చింది. ఏది పైకి రానివ్వాలో తెలియక, బస్సులో దుమ్ము కొట్టుకుపోయానంటూ నూతి దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాను. ఆవిడ ఆ మాట నమ్మారో, నమ్మలేదో అదీ తెలియదు.

ఆ వారం కొట్టు నుంచి అటుకులు రెట్టింపు తెచ్చి, ఆవిడకి అందే అరలో పెట్టాను. ఫ్రీజర్‌లో ఆవిడ వాటా మాత్రం తగ్గించలేదు. తగ్గిస్తే మా ఆయనకి తెలిసిపోతుంది. అలా నెలనెలా ఆ మూడు రోజులకీ మా గేదె కోసం కూడా ఉప్పూ పులుపూ సరిచూసి కంద బచ్చలి వండి గడ్డకట్టించేదాన్ని.