కలిపినవాళ్లకే మొదటి ముక్క

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, మదనపల్లెలో చక్కెర రేషను కార్డు మీదే దొరికేది. అదీ ఏ మూలకూ చాలేది కాదు. మా పక్కింట్లో మిఠాయిలు చేసే సాయబు ఉండేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. చక్కెర లేక ఆయన అంగడి మూతపడింది. అయినా ఇంటి కార్డు మీద వచ్చే చక్కెరను ముట్టుకోకుండా, తాను బెల్లం టీ తాగుతూ, నెలల తరబడి ఒక డబ్బాలో దాచాడు.

అదంతా కూతురి కోసం. ఆమెను నేను అక్కా అనేదాన్ని. నాకు జడలు వేసిన అక్క, పలక మీద అక్షరాలు దిద్దించిన అక్క, ఊరి బయట క్షయ ఆసుపత్రిలో మంచాన పడి ఉంది. జబ్బు గొంతుకు పాకింది. మా అమ్మ అక్కడే నర్సు. ఇక ఎన్నాళ్లో ఉండదని అమ్మ నాన్నతో అంటుంటే విన్నాను. మింగే శక్తి ఉండగానే ఒక్కసారి రాహత్ తినాలని ఉందని అక్క అడిగింది.

రాహత్ మన హల్వా లాంటిది కాదు. మామ వాళ్ల తాత హజ్ యాత్రకు పోయి, అటునుంచి అటే ఇస్తాంబుల్ చేరి, సుల్తానుల కాలంలో ఒక మిఠాయి అంగడిలో ఏళ్ల తరబడి పనిచేసి నేర్చుకొచ్చిన విద్య అది. అందులో నెయ్యి చుక్క పడదు. చక్కెర పాకం, గోధుమ పాలు తేర్చి ఎండబెట్టిన పిండి, నిమ్మరసం, చివర్లో గులాబీ పన్నీరు, అంతే. కానీ సన్నని సెగ మీద రెండు గంటలు తెడ్డు ఆగకూడదు. అట్లా చేస్తే మెత్తగా కరిగి గొంతులోకి దానంతటదే జారుతుందని మామ మురిసిపోతూ చెప్పేవాడు.

అక్క కోసం నేనూ కలుపుతానని పేచీ పెట్టింది నేనే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. సాయంత్రం నమాజు వేళకు మామ తెడ్డు నా చేతికిచ్చాడు.

“ఆపొద్దమ్మా. సెయ్యి నొచ్చితే పిలువు, ఈడే ఉండాను,” అని వెనక వసారాలోకి పోయాడు.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో పుంగనూరు బస్సు ఆగిపోయింది. ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. జనమంతా దిగి తోస్తున్నారు, ఒకటే కేకలు. పాడు బుద్ధి నాది, తెడ్డు వదిలేసి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మాడు వాసన. పిలిస్తే పలికే దూరంలో మామ ఉన్నాడు. పిలవలేదు. తప్పు కనపడకూడదని, అడుగున పట్టిన నల్లటి మాడును గీకి గీకి మొత్తంలో కలిపేశాను.

మామ వచ్చాడు. బాండలి వైపు చూశాడు, నా వైపు చూశాడు. పన్నీరు పోసి, పళ్లెంలో పరిచి ఆరబెట్టాడు. మళ్లీ చేద్దామంటే చక్కెర ఎక్కడుంది?

మరునాడు ముక్కలు కోసి, పిండిలో దొర్లించాడు. కలిపినవాళ్లకే మొదటి ముక్క ఇవ్వాలని వాళ్ల తాత తెచ్చిన ఆచారం. నాకిచ్చాడు. నోరంతా చేదు.

“ఎట్లుండాదమ్మా?”

“బాగుండాది మామా.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను తల ఎత్తలేదు. ఆ తర్వాత ముక్కలన్నీ డబ్బాలో సర్దాడు.

జట్కాలో ఆసుపత్రికి వెళ్లాం. పిల్లల్ని లోపలికి రానివ్వరు కాబట్టి కిటికీ బయట నిలబడ్డాను. అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ముఖం ముడుచుకుంది, అది నా కళ్లారా చూశాను. వెంటనే నవ్వింది.

“బాగుండాది అబ్బాజాన్. ముత్తాత సేసినట్టే ఉండాది.”

అయిదో రోజున అక్క పోయింది.

రాహత్ తినిపించిన రోజు ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ జట్కాలో మామ ఒకే మాట అడిగాడు. “యాలమ్మా, నన్ను పిలవలేదు? అడుగు ముట్టకుండా పైపైది వంచుకోనుంటే మంచిది మిగిలేది గదా. నమాజు మళ్లా సేసుకుంటాను గదమ్మా.” గొంతులో కోపం లేదు. రెండు తగిలించి ఉంటే బాగుండేది, ఏడ్చి మరిచిపోయేదాన్ని. అప్పుడైనా తప్పయిందని ఒక్క మాట అన్నానా? లేదు. గుర్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు తొంభై దగ్గర పడింది. పొయ్యి మీద పాలు అడుగంటితే చాలు, “నేనే, నేనే మాడ్చాను, రండి” అని ఇల్లంతా అదిరేట్టు అరుస్తాను. కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ రోజు ఆ చేదు తిని అక్కా నేనూ ఒకే మాట అన్నాం. తండ్రి గుండె పగలకూడదని అక్క అంది, నా వీపు పగలకూడదని నేనన్నాను. చనిపోయేముందు అక్క కోరి అడిగిన తీపి అదొక్కటే. దాన్ని చేదు చేసింది నేను.