వేరు వదిలేసి గెలిచాననుకున్నాను

పచ్చగా ఉన్న ప్రతి మొక్కా మంచిదేనని మీకెవరు చెప్పారు? నాకైతే ఎవరూ చెప్పలేదు, నేనే నమ్మాను. ముహూర్తాన్నీ దిష్టినీ ప్రశ్నించిన నేను, ఒక నర్సరీవాడి మాటను మాత్రం ప్రశ్నించలేదు.

గౌడవెల్లి దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న ఏడాది, గండిమైసమ్మ వైపు నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి వెనక గోడ పొడవునా నాటాను. ఎరుపూ పసుపూ కలిసిన పూల గుత్తులు. మా కోస్తాలో తలంబ్రాల చెట్టంటాం. నీళ్లు పోయక్కర్లేదు, మేకలు తినవు, ఏడాదంతా పూస్తుంది అన్నాడు నర్సరీ అతను. మూడూ నిజాలే. ఆ మూడే దాని దుర్గుణాలని నాకు తట్టలేదు. నన్ను చూసి వీధిలో సగంమంది నాటారు.

గోడ అవతల గుట్ట. దాని మీద తంగేడు, రేగు, సీతాఫలం. అక్కడ మేకలు కాసే అవ్వ, బతుకమ్మ వచ్చిందంటే ఊరివాళ్లకు తంగేడు పూలు తెచ్చిస్తుంది. మూడేళ్ల కిందట గోడ మీదుగా నన్ను కేకేసింది.

"ఏంది సారూ, గిదేం చెట్టు పెట్టినవ్? గుట్టంత గిదే అయితాంది. మేకలు మూతి గూడ పెడ్తలేవు. తంగేడు సస్తాంది."

"చెట్లుంటే గాలి బాగుంటుంది కదమ్మా" అన్నాను.

"గాలి నువ్వు తిను. నా మేకలేం తినాలె?"

ఆ మాట గుచ్చుకుని గుట్టెక్కాను. నలుపలకల కాండం, వంకర ముళ్లు, నలిపితే ఘాటు వాసన కొట్టే గరుకాకు. గుత్తి నడుమ పసుపు, అంచున ఎరుపు. పండి నల్లబడిన పూసల్లాంటి కాయలు, వాటిని తింటున్న పిగిలిపిట్టలు. సందేహం లేదు, మా గోడ పక్కదే. దాని కింద గడ్డి పరక లేదు. ఉన్న తంగేళ్లు సగం ఎండిపోయి దాని నీడలో నిలబడి ఉన్నాయి.

ఈ పొదలన్నీ తీసేద్దామని కాలనీ సంఘంలో విషయం పెట్టాను. కార్యదర్శిదీ మా కోస్తానే. "మిగతావి మీ ఇష్టమండీ. గుట్ట కింద రాయి దగ్గర పొదను మాత్రం ముట్టుకోకండి. అది అమ్మవారిది" అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద పొద అదే, ఎక్కువ కాయలు కాసేదీ అదే. "తోటల అందం కోసం తెల్లదొరలు సముద్రం దాటించి తెచ్చిన మొక్కండీ ఇది. అమ్మవారు ఓడెక్కి వచ్చిందా?" అని అడిగాను.

"వితండవాదం వద్దు మాస్టారూ."

ఆ ఆదివారం పదిమంది చూస్తుండగా కొడవలితో దాన్ని నేలమట్టానికి నరికేశాను. "నాకేమైనా అయిందా?" అన్నాను. ఇంటికొచ్చి హాయిగా భోంచేశాను.

వానలు పడ్డాయి. ఒక్క మొదలు నుంచి గుప్పెడు కొమ్మలు లేచి, రాయిని పూర్తిగా కప్పేశాయి. కార్యదర్శి కొబ్బరికాయతో ఎదురయ్యాడు. "చూశారా మాస్టారూ? మీరు నరికితే అమ్మ పదింతలై లేచింది!" అంతకుముందు ఆ రాయికి పసుపు రాసేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇప్పుడు పొదకు ఏకంగా చీర చుట్టారు. ఒక మూఢనమ్మకానికి కావలసిన రుజువును నా చేతులతో నేనే అందించాను. ఆయన మీద కన్నా నా మీద నాకే ఎక్కువ మండింది.

అవ్వ మాత్రం పడీ పడీ నవ్వింది. "అమ్మ లేదు, ఏం లేదు సారూ. నువ్వు వేరు ఇడిసిపెట్టినవ్. జుట్టు గొరిగితే మనిషి సస్తడా?"

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"నువ్వు అడిగితివా? నువ్వు జెప్తుంటివి, మేం ఇంటుంటిమి."

అప్పుడడిగాను, ఎలా తీయాలని. మరుసటి ఆదివారం ఆమె గడ్డపార తెచ్చింది. మొదలు చుట్టూ మట్టి తీసి, నేలకు రెండు మూడు వేళ్ల లోతున వేరును తెగ్గొట్టి, పొదను లాగి, తలకిందులుగా బండ మీద వేయడం నేర్పింది. కొమ్మ తడి మట్టికి తగిలితే మళ్లీ వేళ్లూనుతుందట. రాయి దగ్గర కార్యదర్శి అడ్డం నిలబడ్డాడు.

"రాయి ఏడికి బోతలేదు గద, మొక్కుకో బిడ్డా. చీర మడిచి ఇంటికి తీస్కపో" అంది అవ్వ. ఆయన పక్కకు జరిగాడు. నా వాదనలన్నీ చేయలేని పని!

అయితే గెలిచామా? లేదు. తవ్విన చోట తంగేడు మళ్లీ మోకాలెత్తు లేచిన మాట నిజమే. కానీ ఈ బతుకమ్మకు అవ్వ గంప సగం కూడా నిండలేదు. మిగతా పూల కోసం షామీర్‌పేట దాకా ఆటోలో వెళ్లింది. ప్రతి వానకూ రేగుచెట్ల కింద, పిట్టలు వాలే చోటల్లా, కొత్త మొలకలు. మా గోడ పక్కవి నేను పీకేశాను. మా వీధిలో అయిదిళ్లవాళ్లు ఇంకా పీకలేదు. "ఎంత అందంగా ఉందో చూడండి, మా మొక్క మా గోడ దాటదు" అంటారు. పిట్టకు గోడ ఏమిటి?

చదువుతున్న మీ ఇంట్లోనూ అది ఉంటే కత్తెర పట్టుకోకండి, గడ్డపార పట్టుకోండి. కాయలు నల్లబడే దాకా ఆగకుండా, ఈ వారమే, వేరుతో సహా పెకలించండి. ఆ తర్వాత ఆ గడ్డపారతోనే మీ ఊరి గుట్ట ఎక్కండి.