ఎల్లస్వామి మోసిన అట్టలు

ఆ రోజుల్లో వరంగల్‌లోని ఆ కాలేజీలో కంప్యూటర్ చదువు ఉండేది గానీ, కంప్యూటర్ ఉండేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పిల్లలు తమ లెక్కలను ఒక మిషిన్ మీద అట్టముక్కలకు చిల్లులు కొట్టి రాసేవారు. ఆ అట్టలను రేకుపెట్టెలో పెట్టుకుని అటెండరు ఎల్లస్వామి ప్రతి సోమవారం కాజీపేటలో బండెక్కేవాడు. హైదరాబాదులో ఒక పెద్ద ఆఫీసు కంప్యూటర్ వాటిని చదివి, జవాబులు కాగితాల మీద అచ్చు వేసేది. గురువారానికి అతను ఆ కాగితాలతో తిరిగొచ్చేవాడు. ఒక్క చిల్లు తప్పు పడిందా, వారం గోవిందా.

ఎల్లస్వామిది ఎనుమాముల. కాలేజీలో చేరకముందు పదేళ్లు మిర్చి బస్తాలు మోశాడు. ఆ అలవాటు కొద్దీ ఎవరి అట్టలు తీసుకున్నా లెక్కపెట్టి చీటీ మీద రాసుకునేవాడు, అక్కడ దింపేటప్పుడు మళ్లీ లెక్కపెట్టేవాడు. ఏడేళ్లలో ఒక్క అట్ట పోలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

రాజేశ్వరి మట్టెవాడలో ఇత్తడి సామాన్లమ్మే నర్సయ్య సేటు కూతురు, ఆ కాలేజీలోనే చదివేది. ధర్మసాగర్ చెరువులో ఇరవయ్యేళ్ల నీటిమట్టాలు సంపాదించి, ఏ నెలలో నీళ్లెంత మిగులుతాయో ముందే చెప్పే లెక్క కట్టింది. అది నిలబడితే పరిశోధనలో చేర్చుకుంటానని కంప్యూటర్ పాఠాలు చెప్పే వెంకట్రాజం సారు మాటిచ్చాడు. తండ్రి మాత్రం, "ఉగాది దాక సూస్త బిడ్డా. ఎనుక నీ పెండ్లి ఆపేది లేదు" అన్నాడు. అందుకని 1980 ఫిబ్రవరిలో ఆమె అట్టలు ఇచ్చేటప్పుడు పురికొస ముడిని రెండుసార్లు లాగి చూసుకుంది.

"జర పైలం, ఎల్లస్వామన్నా. నా పానం వీట్లనే ఉన్నది."

"ఫికర్ జేయకు రాజేశ్వరమ్మా. ఒక్క అట్ట పోతె నా పేరు ఎల్లస్వామే కాదు."

ఆరువందల పన్నెండు అట్టలు. దొంతర పైఅంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర పెన్సిలుతో ఏటవాలుగా ఒక గీత ఉంది. శుభానికి గీసుకుంది కాబోలనుకున్నాడు. ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

అది సమ్మక్క జాతర సమయం. కాజీపేట స్టేషన్లో కాలు పెట్టే సందు లేదు. ఎవరిదో బెల్లం మూట వచ్చి తగిలి పెట్టె కిందపడింది. అన్నిటికన్నా పైనున్న రాజేశ్వరి దొంతర పురికొస తెగి ప్లాట్‌ఫారమంతా చెల్లాచెదురైంది. జాతర జనమే వంగి వంగి ఏరిచ్చారు. రైల్లో కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆరువందల పన్నెండు! అమ్మవారికి దండం పెట్టుకున్నాడు. గీత మాత్రం చుక్కలు చుక్కలుగా చెదిరి ఉంది. ఉంటే ఉండనీ, అట్టలు పోలేదు కదా అనుకున్నాడు. మిర్చి బస్తాల్లో ముందేది, వెనకేది అని ఎవరడిగారు గనక? పెట్టె పడిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

గురువారం కాగితాలొచ్చాయి. వాటి ప్రకారం ధర్మసాగర్ చెరువు నడి వేసవిలో నిండి మత్తడి దూకింది, శ్రావణంలో ఎండిపోయింది. వెంకట్రాజం సారు వాటిని బల్ల మీద పడేశాడు.

"మే నెలల చెరువు నిండుతదా? నీ పద్ధతిలనే తప్పున్నది. ఇది నీతోని కాదమ్మా."

రాజేశ్వరి మూడు రోజులు తన నోటుపుస్తకంలో తప్పు వెతికింది. దొరకలేదు. దొరకని తప్పును పట్టుకునే తెలివి తనకు లేదనుకుంది. ఉగాది వెళ్లగానే పెళ్లయింది. అత్తవారిది మట్టెవాడలోనే బట్టల కొట్టు. ఆమె అట్టలు తర్వాతి వారం హైదరాబాదు నుంచి తిరిగొచ్చి, ఎవరూ విప్పకుండానే బీరువాలో పడ్డాయి. పాపం, ఆ పిల్లకు చదువు అబ్బలేదని ఎల్లస్వామి జాలిపడ్డాడు కూడా.

ఆరేళ్లకు కాలేజీకి సొంత కంప్యూటర్ వచ్చింది. చల్లటి గది, చెప్పులు బయట, అట్టలకు సెలవు. పాతకాలం కష్టాలు పిల్లలకు చూపిద్దామని కొత్త లెక్చరరు బీరువాలోంచి ఒక దొంతర తీశాడు.

"ఈ గీత ఎందుకో తెలుసా? అట్టలు కిందపడితే మళ్ల వరుసగ పేర్చుకునేటందుకు. వరుస తప్పితె లెక్కంత తప్పే. సూడుండ్రి, వీటిని ఎవడో పడేసి ఎట్లపడితె అట్ల పెట్టిండు."

పిల్లలు నవ్వారు. మంచినీళ్ల గ్లాసులతో తలుపు దగ్గర నిలబడ్డ ఎల్లస్వామి దొంతర మీది పేరు చదివాడు. గ్లాసులు గుమ్మంలోనే దించి వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం అట్టలు సంచిలో వేసుకుని మట్టెవాడ పోయాడు. బట్టల కొట్టులో గల్లా దగ్గర రాజేశ్వరి ఒక్కతే ఉంది. అతను కూర్చోలేదు.

"నేనే పడేసిన రాజేశ్వరమ్మా, కాజీపేట టేషన్ల. లెక్కపెట్టిన, అన్ని ఉన్నయ్. వరుస ఉంటదని నాకు తెల్వది."

ఆమె సంచిలోంచి ఒక అట్ట తీసి చూసింది. ఎల్లస్వామి తిట్ల కోసం ఎదురుచూశాడు. తిడితే బాగుండేది.

"అంటే, తప్పు నాది కాదా అన్నా?"

"కాదు బిడ్డా. నాదే."

రవికెగుడ్డ కోసం వచ్చినావిడ పిలిచి పిలిచి వెళ్లిపోయింది. రాజేశ్వరికి వినిపించలేదు. అట్టలన్నీ చాప మీద పోసుకుని, అంచు మీది ఎర్ర చుక్కలను చూసుకుంటూ ఒక్కొక్కటే పేర్చింది. గంట దాటాక గీత ఈ మూల నుంచి ఆ మూలకు తిన్నగా వచ్చింది. అప్పుడు తలెత్తింది. ఆ ముఖంలో ఆరేళ్ల కిందటి పిల్లే ఉంది.

"అన్నా, రేపు దీన్ని మీ కొత్త కంప్యూటర్ల ఏపిస్తవా? ఒక్కసారే. ఎవ్వరికి చెప్పకు."

ఎల్లస్వామి తల దించుకున్నాడు.

"అది అట్టలు సదువది రాజేశ్వరమ్మా."